వెనక్కి ఎక్కే బండి

తోట బండికి టైర్లు మార్చాలన్న నిర్ణయం తీరిగ్గా కూర్చుని ఆలోచించి తీసుకున్నదని ఊఁ తాత చెప్పుకుంటాడు. చెప్పుకోవడం అంటే మనసులోనే. నిజానికి ఆ నిర్ణయం వాలు పైన నిలబడి తీసుకున్నది. కింద ఖాళీ కుండీల గుట్టకు గుద్దుకుని ఆగిన ట్రాలీ, ఆ ట్రాలీలో బుట్ట ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చున్న సొంత భార్య కనిపిస్తుంటే, ఏం చెయ్యాలో పాలుపోక తీసుకున్నది.

తాతకు ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరేం అడిగినా ఆయన నోట్లోంచి వచ్చేది 'ఊఁ' ఒక్కటే. ఒప్పుకుంటే ఊఁ, ఒప్పుకోకపోతే కాస్త ముక్కుతో ఊఁ, మరీ తెగించి ఎదురు చెప్పాలంటే ఊహూఁ. మూడో తరగతితో బడి మానేసిన రోజు పలకతోపాటు మాటలు కూడా అక్కడే మర్చిపోయి వచ్చాడని ఆయన భార్య అంటుంది. తక్కువ మాట్లాడేవాళ్లు ఎక్కువ ఆలోచిస్తారని జనం అనుకుంటారు. తాత కూడా తన గురించి అలాగే అనుకునేవాడు, ఈ టైర్ల వ్యవహారం జరిగేదాకా.

మొక్కలు పెంచి అమ్ముకునే ఇల్లు వాళ్లది. ఇల్లు కింద ఉంటుంది. ఇంటి వెనక నుంచి ఎనభై అడుగుల బంకమట్టి వాలు. ఆ వాలు పైన అంటుమొక్కల షెడ్డు. నాలుగు ఇనప గొట్టాలు, పైన ఒక పరదా, లోపల బల్లల మీద వరసగా గులాబీలు. ఆ షెడ్డు ఆవిడ రాజ్యం. అడవి గులాబీ కాండాన్ని చిన్న కత్తితో గీరి, మంచి రకం మొగ్గకన్ను అందులో దూర్చి, దారం చుట్టి అంటు కట్టడంలో ఆవిడ చేతికి తిరుగులేదు. మట్టి మొయ్యడం, గడ్డి కొయ్యడం, ఎరువు కలపడం తాత పని. ఆ పనులకు మాటలతో అవసరం లేదు.

ఆవిడ మోకాళ్లు అరిగి రెండేళ్లయింది. అప్పటి నుంచి పైకి పోవాలంటే తోట బండే దిక్కు. అదొక చిన్న ట్రాక్టరు. ఒకటే సీటు, కుడికాలి కింద రెండు పెడళ్లు, ముందుకు పోవడానికి ఒకటి, వెనక్కి పోవడానికి ఒకటి. ఒకప్పుడు ఎరుపు రంగు అని చెబుతారు. దాని టైర్లు పచ్చిక నలగకుండా ఉండటానికి చేసినవి. అరిగి అరిగి తాత గుండులా నున్నగా అయ్యాయి. బండి వెనక నాలుగు చక్రాల ట్రాలీ తగిలించి, అందులో పీట వేస్తే ఆవిడ ఎక్కి కూర్చుంటుంది. తాత లాక్కెళ్తాడు. రెండేళ్లుగా ఆవిడ వాలంతా తాత వీపు చూసుకుంటూ ఎక్కింది, తాత షెడ్డు గుమ్మం చూసుకుంటూ ఎక్కాడు.

ఆ సోమవారం నేల తడిగా ఉంది. సగం దూరం వెళ్లేసరికి చక్రాలు జారాయి. బండి ఉన్నచోటే ఉండి బురద చిమ్మింది. తాత పళ్లు బిగించి పెడలు నొక్కాడు. టక్‌మని ఏదో చప్పుడైంది. బండి ఒక్కసారిగా తేలికపడి జింకపిల్లలా పైకి దూసుకుపోయింది. 'నడపడమంటే ఇదీ' అని తాత తనను తాను మెచ్చుకున్నాడు. షెడ్డు దగ్గర ఆపి, దిగి, ఆవిడకు చెయ్యి అందిద్దామని తిరిగాడు. పట్టుకోవడానికి అక్కడ చెయ్యి లేదు. ఆవిడ లేదు, ట్రాలీ లేదు. హుక్కులోంచి పిన్ను ఊడిపోయింది. బురద అడ్డం పడబట్టి ట్రాలీ మెల్లగానే జారి, కింద కుండీల గుట్ట మీద వాలింది. ఆరు కుండీలు పగిలాయి. ఆవిడకు గీత కూడా పడలేదు. బుట్టలో కత్తి, దారపుండ ఎక్కడివక్కడే ఉన్నాయి.

తాత గుండె చేత్తో పట్టుకుని కిందికి దిగాడు.

"ఎక్కేశారా అండీ?" అని అడిగింది ఆవిడ చాలా మర్యాదగా.

"ఊఁ."

"ప్రయాణం సుఖంగా జరిగిందా?"

తాత ఆవిడ మోకాళ్లకేసి చూశాడు.

"మోకాళ్లకేం కాలేదు. నేను వెనకాల ఉన్నానో ఊడిపోయానో మీకు తెలియాలంటే ఏం చెయ్యమంటారు? మెడలో గంట కట్టుకోనా? నేను కేకలు పెట్టాను తెలుసా? మూడుసార్లు. ఒక్కసారన్నా వెనక్కి తిరిగి చూస్తారేమోనని చూశాను."

ఇంజిను మోతలో వినపడలేదని చెప్పొచ్చు. ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు. తాత రెండూ చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది. తాత వినేటట్టే చేసింది. తమ్ముడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. బాగుచేసినవాటికంటే బాగుపడనివే ఎక్కువ. వాటిని పెట్టుకోవడానికి చోటు లేక ఏడాదిగా ఆ షెడ్డు మీద కన్నేసి ఉన్నాడు.

"ఒరేయ్, షెడ్డు నువ్వే తీసుకో. ఆదివారం బండి తెచ్చుకుని వచ్చెయ్. నేనింక పైకి ఎక్కను. ఆ ట్రాలీ అసలే ఎక్కను."

ఫోను పెట్టేసి, ఎటో చూస్తూ అంది. "పైన అరవై అంట్లున్నాయి. ఆదివారంలోగా దారాలు విప్పకపోతే కాండాలు కోసుకుపోతాయి. పోనీలెండి. ఫ్రిజ్‌లకి దారాలు కట్టక్కర్లేదు."

విప్పడం తాతకూ వచ్చు. రెండేళ్ల కిందట ఒకసారి విప్పాడు. పది దారాలు విప్పేసరికి ఏడు మొగ్గకన్నులు ఊడి ఆయన అరచేతిలోకి వచ్చాయి. ఆ రోజు నుంచి ఆయన బల్లల దగ్గరికి రాకుండా ఆవిడ ఒక కుర్చీ అడ్డం పెట్టింది. కాబట్టి ఆవిడే ఎక్కాలి. ఎక్కాలంటే బండి జారకూడదు. జారకూడదంటే టైర్లు మారాలి. తప్పు టైర్లది. పిన్నుది కూడా కాస్త ఉంది. ఇంకెవరిదైనా ఉందా అన్న ప్రశ్న దగ్గర తాత ఆగలేదు, తాడు తీసుకుని బయల్దేరాడు.

ఆ తాడు సంగతి చెప్పాలి. తాతకు అంకెల మీద నమ్మకం లేదు. ఆయన కొలతలన్నీ చొక్కా జేబులో ఉండే ఒక జనపతాడు మీద ముడులై ఉంటాయి. ఒక ముడి కిటికీ రెక్క, ఒక ముడి కుండీ మూతి, ఒక ముడి మంచం కోడు. ఏ ముడి దేనిదో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కోసారి ఆయనకూ తెలియదు. చక్రాన్ని పట్టుకునే బోల్టులు ఐదు. ఒక బోల్టు నుంచి దాని పక్క బోల్టుకు తాడు పట్టి, కొత్త ముడి వేశాడు.

వీధి చివర టైర్ల షాపు. దాని యజమానిని అందరూ గాలి మేస్త్రి అంటారు. టైర్లలో కొట్టే గాలి కంటే మాటల్లో కొట్టేది ఎక్కువని. ఆయనంటే తాతకు ఇష్టం. ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేస్తాడు.

"ఏం తాతా, ఎంత కాలానికి! పచ్చిక టైర్లు తీసేసి పళ్ల టైర్లు వేయిస్తావా?"

"ఊఁ."

"పళ్ల టైర్లంటే మాటలు కాదు. పెద్ద ట్రాక్టరు టైరుకి ఉంటాయే, చేప ముల్లులా రెండు పక్కలకీ చీలి, అలాంటివి. మట్టిని కరిచి పట్టుకుంటాయి. కానీ వాటిని పచ్చిక మీదికి పోనిచ్చావో, దున్నిపారేసినట్టే. మళ్లీ నన్నంటే ఒప్పుకోను."

"ఊఁ."

"కొలత తెచ్చావా?"

తాత తాడు తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. ముడి చూపించాడు.

"ఇదేనా? ఇక్కణ్ణించి ఇక్కడికా?"

"ఊఁ."

మేస్త్రి ఆ తాడును రిమ్ముకు అడ్డంగా, ఈ అంచు బోల్టు కన్నం నుంచి ఆ అంచు కన్నం దాకా పట్టుకుని చూశాడు. ముడికి సరిపోయే జత ఒకటి వెతికి ఇచ్చాడు. తాత తోపుడు బండి మీద వేసుకుని ఇంటికి తోసుకొచ్చాడు. దారిలో ఇద్దరు ముగ్గురు చూశారు. తాత ఇంకాస్త ఛాతీ విరుచుకుని తోశాడు. ఇంటికొచ్చి, పాత చక్రం ఊడదీసి, కొత్తది ఆనించి చూస్తే ఐదు బోల్టుల్లో ఒక్కదానికి కూడా కన్నం ఎదురుగా లేదు. తిప్పి చూశాడు. తిరగేసి చూశాడు. కాసేపు దాని ఎదురుగా కూర్చున్నాడు, తన మొహం చూసి అదే దారికొస్తుందేమోనని.

వంటింటి కిటికీలోంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఏమంటోందండీ చక్రం? మీతో మాట్లాడుతోందా?"

మర్నాడు మళ్లీ తోపుడు బండి, మళ్లీ అదే వీధి, మళ్లీ అదే ఇద్దరు ముగ్గురు. మేస్త్రి నెత్తి కొట్టుకున్నాడు.

"పక్క బోల్టుకి కొలిచావా? అయ్యో తాతా! ఒక్క మాట చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా? ఉండు, ఈసారి నేనే వస్తా."

మేస్త్రి వచ్చాడు. తాడు ముట్టుకోలేదు. ఒక అట్టముక్క తీసుకుని, చక్రం కూర్చునే హబ్బు మీద గట్టిగా అదిమాడు. గ్రీజు మరకతో ఐదు బోల్టులూ అచ్చు గుద్దినట్టు అట్ట మీద పడ్డాయి. ఇంత సుళువైన పని తన బుర్రకు ఎందుకు తట్టలేదా అని తాత ఆ అట్టను తర్వాత చాలాసేపు చూశాడు.

గురువారం పొద్దున మేస్త్రి తన వ్యానులో కొత్త జత తెచ్చి గుమ్మం ముందు దింపాడు. పెద్దవి, నల్లగా, చేప ముల్లు పళ్లతో చూడగానే భయం వేసేలా ఉన్నాయి. బరువు కోసం లోపల ముప్పాతిక భాగం నీళ్లు నింపాడు.

"ఒకటి కుడిది, ఒకటి ఎడమది తాతా. మారిపోకూడదు. టైరు పక్కన బాణం గుర్తుంటుంది. బండి ముందుకు పోతే చక్రం ఎటు తిరుగుతుందో బాణం అటు ఉండాలి. ఉండనా? నేను బిగించి వెళ్లనా?"

"ఊహూఁ," అన్నాడు తాత. యాభై ఏళ్లుగా చక్రాలు ఊడదీసి బిగిస్తున్న మనిషిని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది?

మేస్త్రికి ఎవరో పంక్చరని ఫోను చేస్తే వెళ్లిపోయాడు.

తాత జాకీ వేశాడు. ఎత్తు చాలక కింద చెక్కదిమ్మ పెట్టాడు. నీళ్లున్న చక్రం లేవదీయడం ఆయన వల్ల కాలేదు, దొర్లించుకుంటూ తెచ్చి, గడ్డపారతో ఎగదోసి హబ్బుకు ఆనించాడు. బాణం కోసం చూశాడు. అదృష్టం కొద్దీ వెతికే పని లేకుండా కిందనే, నేలకు దగ్గరగా కనిపించింది. బండి ముక్కువైపు చూస్తోంది. ముందుకు పోవాలి, బాణం ముందుకే ఉంది, ఇంకేం కావాలి? బోల్టులు బిగించాడు. రెండో చక్రం కూడా మొదటిదానిలాగే ఉండాలి కదా, దాన్ని పనిగట్టుకుని తిప్పి, బాణాన్ని సరిగ్గా కిందికే తెచ్చుకుని, అదీ ముక్కువైపే చూస్తోందని నిర్ధారించుకుని మరీ బిగించాడు. తన పనితనానికి తనకే ముచ్చటేసింది.

వెనక చక్రాలు పెద్దవి కావడంతో బండి ముక్కు కిందికి వంగి, నేల వాసన చూస్తున్నట్టు నిలబడింది. సీటు ఎత్తయింది. ఎక్కడానికి తాతకు ఒక కుండీ బోర్లించుకోవాల్సి వచ్చింది.

శుక్రవారం పరీక్ష. ట్రాలీ లేకుండా వట్టి బండిని వాలు మీదికి పోనిచ్చాడు. ఆవిడ వంటింటి కిటికీ దగ్గర పప్పు ఏరుతున్నట్టు కూర్చుంది. బండి పావు దూరం బాగానే ఎక్కింది. తర్వాత పళ్ల సందుల్లో బంకమట్టి కూరుకుపోయి, టైర్లు గుండ్రటి మట్టి ముద్దలై, గిర్రున తిరిగాయి. తాత ఇంకా నొక్కాడు. బండి పైకి పోలేదు, కిందికి పోయింది. రెండు గోతులు తవ్వుకుని వాటిలో కూర్చుంది.

"మొక్కలు నాటడానికా అండీ, ఆ గోతులు?" అంది ఆవిడ కిటికీలోంచి.

తాత బండి దిగాడు. గోతుల్లోకి రాళ్లు వేసి, పలక చెక్కలు తోసి, చెమటలు కక్కుతూ బండిని కిందికి దింపుకున్నాడు. ఇక దాన్ని తీసుకెళ్లి చూరు కింద పడేసి, ఆదివారం ఫ్రిజ్‌లు మొయ్యడానికి నడుం వంచడమే మిగిలిందనుకున్నాడు. ఇంటివైపు ముక్కు తిప్పాడు. చూరు స్తంభం అడ్డం వచ్చింది. కాస్త వెనక్కి తీసి సరిచేసుకుందామని రెండో పెడలు నొక్కాడు.

బండి వెనక్కి కదిలింది. చాలనుకుని ఆపుదామంటే ఒక వింత కనిపించింది. ఇల్లు కిందికి పోతోంది. కిటికీ కిందికి పోయింది, కిటికీలో ఆవిడ పప్పు చేట కిందికి పోయింది, ఇంటి కప్పు మీద పెంకులు కనిపించాయి. తాత కాలు పెడలు మీద అలాగే బిగుసుకుపోయింది. వెనక ఏముందో ఆయన చూడలేదు. చూడటం ఆయనకు వీలయ్యే పని కాదు. మెత్తగా ఏదో తగిలి బండి ఆగాక దిగి చూస్తే, షెడ్డు పక్కన పేర్చిన ఎరువు బస్తాలు. అంటే పైకి వచ్చేశాడు. ఎనభై అడుగులూ, ఎక్కడా జారకుండా, మేకపోతులా వెనక్కి ఎక్కేసింది బండి.

ఎందుకెక్కిందో తాతకు అర్థం కాలేదు. బహుశా బండికీ తన స్వభావమే వచ్చి ఉంటుందనుకున్నాడు. చెప్పింది చెయ్యదు, చెప్పనిది చేస్తుంది.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. బండి వెనక్కి ఎక్కుతుందంటే, ట్రాలీ బండి ముందుండాలి. ముందు బంపరుకు మందపాటి ఇనప పట్టీ బిగించి, పిన్ను దిగడానికి కన్నం తొలిచాడు. పిన్ను కింది కొసన అడ్డంగా ఒక క్లిప్పు పెట్టాడు. క్లిప్పు ఊడకుండా తీగ చుట్టాడు. తీగ విప్పుకోకుండా మెలి వేశాడు. సీటు వెనక బరువు కోసం రెండు ఇసుక బస్తాలు కట్టాడు. ట్రాలీలో పీట వేసి, పీట మీద దిండు పెట్టి, వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

రాత్రంతా ఆయన ఒక వాక్యం తయారుచేసుకున్నాడు. దాంట్లో క్షమించమన్న మాట కూడా ఒకటుంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆ వాక్యంలో చివరి మాట ఒక్కటే మిగిలింది.

"రా."

"ఎక్కడికి?"

"పైకి."

"ఎలా?"

"వెనక్కి."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసింది, జ్వరం ఏమన్నా ఉందేమోనన్నట్టు. చేతికర్ర తీసుకుని బయటికి వచ్చింది. ట్రాలీ చుట్టూ తిరిగింది. వంగి, పిన్ను పట్టుకుని లాగింది. క్లిప్పు కదిపింది. తీగ మెలిక లెక్కపెట్టింది.

"నిన్న మీరు బండెక్కి ఆకాశంలోకి పోతుంటే చూశాను. పప్పంతా పారబోసుకున్నాను," అంది. "సరే. పైన అరవై ప్రాణాలున్నాయి. వాటి కోసం వస్తున్నాను, మీ కోసం కాదు."

ఎక్కి కూర్చుంది. ఎప్పటిలా బండివైపు మొహం పెట్టింది. తాత కుండీ మీద కాలు పెట్టి సీటెక్కాడు. ఎదురుగా వీపు లేదు, గుమ్మం లేదు. రెండు బారల దూరంలో ఆవిడ మొహం ఉంది. అంతసేపు తప్పించుకోవడానికి వీల్లేకుండా ఎదురెదురుగా కూర్చుని ఎన్నాళ్లయిందో తాతకు గుర్తు రాలేదు. ఎక్కడ చూడాలో తెలియక స్టీరింగు చూశాడు.

బండి కదిలింది. వాలు అందుకుంది. పళ్లు మట్టిని కరిచాయి. ట్రాలీ బుద్ధిగా వెంట వచ్చింది.

"వెనక్కి చూడండి. నిన్నటి గొయ్యి వస్తోంది," అంది ఆవిడ.

తాత చూడలేదు.

"చూడమంటున్నానా? ఎడమకు తిప్పండి. ఎడమకు! మీ ఎడమ కాదు, నా ఎడమ!"

తాత తిప్పాడు. గొయ్యి అంచున చక్రం ఒరుసుకుంటూ తప్పింది. ఆవిడ ట్రాలీ అంచులు పట్టుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఇంత మొండితనమా అండీ? ఒక్కసారి తల తిప్పి చూస్తే మీ సొమ్మేం పోతుంది? ఆ రోజూ అంతే. మూడు కేకలు పెట్టాను."

ఇంజిను మోతలో వినపడనట్టు నటించడానికి ఇప్పుడు వీల్లేదు. ఆవిడ ఆయన పెదాలకేసి చూస్తోంది. తాత నోరు తెరిచాడు.

"మెడ తిరగదు."

"ఏంటి?"

"నా మెడ. తిరగదు. పక్కకి ఇంతే వస్తుంది." చూపించాడు. గడియారం ముల్లు ఐదు నిమిషాల్లో జరిగినంత వచ్చింది. "వెనక్కి చూడాలంటే దిగాలి."

ఆవిడ పీట మీద ముందుకు జరిగింది.

"ఎప్పటి నుంచి?"

"మూడేళ్లు."

"మూడేళ్లా! పిలిస్తే పలకరు, చూడరు, ఈ మనిషికి పొగరు రోజురోజుకీ పెరుగుతోందని నేను లోకమంతా చెప్పుకున్నాను కదండీ! మా తమ్ముడితో చెప్పాను, గాలి మేస్త్రి పెళ్లాంతో చెప్పాను. ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"ఇప్పుడు చెప్పాగా."

ఆవిడకు కోపం వచ్చినట్టే ఉంది. కానీ ఎదురుగా ఉన్న మొహాన్ని చూస్తూ కోపం నిలబెట్టుకోవడం వీపును చూస్తూ నిలబెట్టుకున్నంత తేలిక కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి.

"కుడికి, కొంచెం. నా కుడి. ఆఁ, చాలు. రాయి ఉంది. ఇక నేరుగా రండి. నేను చూస్తున్నాగా," అంది.

షెడ్డు దగ్గర దిగి, అడ్డం పెట్టిన కుర్చీ జరిపి, ఆవిడ అరవై దారాలూ విప్పింది. రెండు పోయాయి. యాభై ఎనిమిది పట్టాయి. దిగేటప్పుడు బండి ముందుకు నడిచింది. ట్రాలీ ఎదర వేలాడుతూ, బావిలోకి దించే బొక్కెనలా మెల్లగా దిగింది. ఆవిడ మొహం మళ్లీ ఆయన ఎదురుగానే ఉంది. ఈసారి తాత స్టీరింగు చూడలేదు.

ఆదివారం తమ్ముడు వచ్చాడు, ఫ్రిజ్‌లు వేసుకుని, గాలి మేస్త్రి వ్యానులో. మేస్త్రి కూడా వచ్చాడు. ఇద్దరూ దిగేసరికి అక్కా బావా ఎదురెదురుగా కూర్చుని, ఒకళ్లనొకళ్లు గదుముకుంటూ వాలు ఎక్కుతున్నారు.

"అక్కా! షెడ్డు నాకన్నావు కదే!"

"లేదురా. పెట్టుకునే చోటు లేకపోతే ఆ ఫ్రిజ్‌లు బాగుచెయ్యి!" అని పైనుంచే అరిచింది ఆవిడ.

"బావా, నువ్వైనా చెప్పవయ్యా!"

"ఊహూఁ," అన్నాడు బావ.

గాలి మేస్త్రి మాత్రం షెడ్డు మాట వినలేదు. బండి చక్రాలకేసి చూసి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని మళ్లీ చూసి, వాలు కింద చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్లు దిగి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

"తాతా! కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేశావు! పళ్లు తిరగబడ్డాయి. అందుకే ముందుకు పోతే మట్టి కూరుకుంటోంది, వెనక్కి పోతే కరుస్తోంది. బాణం చూడలేదూ?"

తాత కింద ఉన్న బాణాన్ని వేలితో చూపించాడు.

"అది కింద ఉన్నప్పుడు కాదు, పైకి వచ్చినప్పుడు చూడాలి! చక్రం పైన ముందుకు పోతే కింద వెనక్కే కదా వచ్చేది! పోనీ, రెండో చక్రం దగ్గరైనా..."

రెండో చక్రాన్ని పనిగట్టుకుని తిప్పి మరీ బిగించిన సంగతి తాత చెప్పలేదు.

"పది నిమిషాల పని. ఇటుది అటు, అటుది ఇటు. బండి మామూలుగా మనుషుల్లా ముందుకు ఎక్కుతుంది. నన్ను చెయ్యమంటావా?"

"ఊహూఁ."

వ్యాను వెళ్లిపోయింది, ఫ్రిజ్‌లతో సహా. తాత జాకీ తెచ్చాడు, చెక్కదిమ్మ తెచ్చాడు, స్పానరు తెచ్చాడు. తప్పు తెలిశాక దిద్దకుండా ఉండటం పనివాడి లక్షణం కాదు. పైగా రేపు వీధిలో నలుగురూ చెప్పుకుంటారు. ఈపాటికి మేస్త్రి రెండిళ్లలో చెప్పేసే ఉంటాడు. మొదటి బోల్టు మీద స్పానరు పెట్టాడు.

ఆవిడ మెట్టు మీద కూర్చుని కత్తి తుడుచుకుంటోంది. ఆయనకేసి చూడలేదు.

"అయితే రేపటి నుంచి మళ్లీ మీ వీపన్నమాట," అంది, కత్తికి చెబుతున్నట్టు.

తాత చేతులు ఆగాయి. స్పానరు చూశాడు, బాణం చూశాడు. అది ఎప్పటిలాగే తప్పుగా, బండి ముక్కువైపు చూస్తోంది. ఆయన లేచి, జాకీ మడిచి, స్పానరు తీసుకెళ్లి మేకుకు తగిలించాడు.

రెండు వారాల తర్వాత మేస్త్రి దారిలో ఎదురుపడి, "మార్చేశావా తాతా?" అని అడిగాడు. "ఊఁ," అని తాత నడక వేగం పెంచాడు.

ఆ పొద్దున కూడా బండి వెనక్కే ఎక్కింది. ఇప్పుడు తాత దారి పొడవునా ఏదో ఒకటి చెబుతుంటాడు. ఆ రోజు పక్కింటి పంపు శబ్దం మారిన సంగతి చెబుతున్నాడు. వాషరు అరిగి ఉండొచ్చని, అరిగితే మొదట ఇలాంటి శబ్దమే వస్తుందని, తన చిన్నప్పుడు ఒక పంపుకు ఇలాగే అయిందని, అది మాత్రం వాషరు వల్ల కాదని. ఆవిడ బుట్టలో దారపుండ వెతుక్కుంటోంది.

"రాయి దగ్గరికి వచ్చామా? కుడికా?" అని అడిగాడు తాత.

"ఊఁ," అంది ఆవిడ.